కల్లంలో నస్రత్

నస్రత్ కాళ్ళు ఒకచోట నిలవవు. పొద్దస్తమానం కల్లంలో ఎండుమిరపకాయల్ని పాదాలతో తిరగేస్తూ నడుస్తుంది. మంటెక్కితే ఆముదం రాసుకుని మళ్ళీ నడుస్తుంది. కూలి పెంచమని ముఠాలో ముందు నోరెత్తేదీ ఆమే. భార్య పోయిన జిన్నింగు మిల్లు యజమాని ఒకాయన ఆమెను పెళ్ళికి అడిగిస్తూ, "పెళ్ళయ్యాక గడప దాటే పనే ఉండదు" అని కబురంపాడు. ఆ డబ్బున్న సంబంధం వద్దనేసి, సంగతంతా తాను మనసిచ్చిన లారీ డ్రైవరు రహమాన్‌కి ఫోన్లో చెప్పింది.

"మంచిపని చేశావ్! మన పెళ్ళయ్యాక నువ్వీ మిరపకాయలు తొక్కనక్కర్లా. ఇంట్లో రాణిలా కూర్చోబెడతా" అన్నాడతను.

ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

పక్కనే కాయలు తిరగేస్తున్న తల్లి సర్దార్‌బీ, "ఏమన్నాడే కాబోయే అల్లుడు?" అని ఎకసెక్కెమాడింది.

"మిల్లాయన అన్నదే అన్నాడమ్మా, కాస్త ముద్దుగా."