గుమ్మటం బాబాకు మా మేనత్త మొక్కు

చరిత్రలో బీఏ పాసైన కొత్తలో నాకు లోకంలో అంతుపట్టని విషయమంటూ ఉండేది కాదు. ఆ రోజుల్లో సూరత్‌లో, గోడాదరాలోని మా రెండు గదుల ఇంట్లో టీవీ పెడితే చాలు, వార్తలు చదివే ఆమె కంటే ముందు నేనే కారణాలు చెప్పేసేవాణ్ణి. ఏ రెండు దేశాలు సరిహద్దు కోసం కొట్టుకున్నా, ఏ సముద్రంలో వలసజనంతో పడవ మునిగినా, ఎక్కడ రెండు మతాలవాళ్లు రాళ్లు విసురుకున్నా నా తీర్పు ఒక్కటే: “దీనికంతటికీ మూలం తెల్లదొరల కంపెనీ!” మా నాన్న, ఆయనతోపాటు పవర్‌లూముల్లో పనిచేసే సిరిసిల్ల వైపు వాళ్లు, పాపం, డ్యూటీ దిగివచ్చి అన్నం కలుపుకుంటూ నా ఉపన్యాసం వినేవారు. ఒకరోజు పక్కింటి మామ చెయ్యి అడ్డంపెట్టి, “జర ఆగు అల్లుడా. పొద్దటి సంది నల్లా వస్తలేదు. గది గూడ కంపెనే బంద్ చేసిందా?” అన్నాడు. అప్పటినుంచి గల్లీలో నా పేరు ‘కంపెనీ’ అయిపోయింది. (నేను దాన్ని బిరుదనుకున్నాను.)

నా ఉపన్యాసాలను బొత్తిగా పట్టించుకోనిది మా మేనత్త ఒక్కతే. మామయ్య పోయాక మా ఇంట్లోనే ఉంటూ చీరలకు మెరుపు రాళ్లు అంటించే పని చేసేది. ఉధ్నాలో ఒక కోచింగ్ సెంటర్లో చరిత్ర చెప్పే ఉద్యోగం నాకు వచ్చిందనగానే, “గుమ్మటం బాబాకు మొక్కిన. నువ్వొచ్చి కొబ్బరికాయ కొట్టాలె” అని ప్రకటించింది. ఎవరా బాబా అని అడిగితే కథంతా చెప్పింది. సూరత్ వచ్చిన కొత్తలో, హిందీ ముక్క రాని రోజుల్లో, కతార్‌గాం దిక్కు దారి తప్పి, ఒక పెద్ద గుమ్మటం నీడలో కూర్చుని ఏడ్చిందట. ఏడ్చి ఏడ్చి మనసు తేలికై లేచి బయటికొస్తే, ఎదురుగా తెలుగు మాట్లాడే ఆటోవాలా కనిపించాడట. అంతే, ఆనాటినుంచి ఏ కష్టమొచ్చినా ఆ బాబాకే చెప్పుకుంటోంది. మామయ్య మంచాన పడ్డప్పుడూ అక్కడికే వెళ్లింది.

ఒక ఆదివారం కొత్త చొక్కా వేసుకుని ఆమె వెంట వెళ్లాను. చెట్ల మధ్య చిన్నవీ పెద్దవీ ఎన్నో గుమ్మటాలు, నవాబుల సమాధుల్లా ఉన్నాయి. పెద్దదాని ముందు మేనత్త అగరుబత్తులు వెలిగించి నన్ను సాగిలపడమంది. నుదురు నేలకానించి, నా ఉద్యోగం పర్మినెంటు కావాలనీ, పనిలో పనిగా ప్రపంచశాంతి కలగాలనీ మొక్కుకున్నాను. కొబ్బరికాయ కొట్టానో లేదో, కొత్తగా చేరిన వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. “అరే మాసీ, యే క్యా కర్ రహీ హో? అంగ్రేజోఁ కా కబ్రస్తాన్ హై!” అని, ఇది ఇంగ్లీషువాళ్ల శ్మశానమంటూ గేటు దగ్గరి బోర్డు వైపు చెయ్యి చూపించాడు. వెళ్లి చదివాను. లోపల పడుకున్నది కంపెనీ దొర! అదీ మామూలు దొర కాదు, ఈ ఊళ్లో వాళ్ల వ్యాపారానికంతా పెద్ద!

“ఏం రాసిండ్రు రా?” అంది మేనత్త.

“అత్తా, ఈయన బాబా కాదు. తెల్లదొర.”

“దొరనా? ఏం పని చేసెటోడు?”

“బట్టల వ్యాపారం.”

ఆమె ముఖం విప్పారింది. “మరింకేంది? మన పనోడే!”

అక్కడితో ఊరుకుని ఉండాల్సింది. కానీ నేను ‘కంపెనీ’ని కదా! వీళ్లు మన బట్ట కొనడానికి వచ్చారని, తర్వాత రాజ్యమే పట్టుకున్నారని, వాళ్ల మిల్లుబట్ట తెచ్చి మనకే అమ్మారని, మగ్గాలు మూలపడి నేతగాళ్లు ఊళ్లు వదిలారని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. (ఈ దొర కాలానికి మిల్లుబట్ట ఇంకా పుట్టనేలేదని నాకు తెలుసు. ఆవేశంలో శతాబ్దాలన్నీ ఆయన ఒక్కడి నెత్తినే వేశాను.)

మేనత్త గుమ్మటం వైపు తిరిగింది. “అంటే, మా తాత మగ్గం అటకెక్కింది, నా మొగడు ఈడ మిషన్ల దుమ్ము పీల్చి దగ్గి దగ్గి సచ్చింది, గీయనతోనేనా?” అంది. తర్వాత చాలా మెల్లగా అడిగింది: “మరి గిన్నేండ్లు నా మాట ఎవలిన్నరు రా?”

బీఏ మూడేళ్లలో అలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ఆ తర్వాత చాలారోజులు ఆమె తలొంచుకుని చీరలకు రాళ్లంటించడమే తప్ప బాబా పేరెత్తలేదు. నేను వార్తల టైముకు టీవీ కట్టేయడం మొదలుపెట్టాను. అలా ఉండగా ఒక ఆదివారం ఆమే తల దువ్వుకుని, “నడువు” అంది. ఈసారి కొబ్బరికాయా లేదు, అగరుబత్తీ లేదు. తిన్నగా ఆ గుమ్మటం ముందు నిలబడి, కొంగు నడుముకు చుట్టి అందుకుంది.

“ఏం దొరా! బేరానికొచ్చినవ్, మంచిగనే ఉన్నది. బేరం చేసుకొని పోవాలె గని, ఇంట్లకు జొర్రుడేంది? నా బాధలన్ని గమ్మున ఇన్నవ్ గదా, ఒక్కపారన్న సిగ్గనిపియ్యలేదా నీకు?”

తాత మగ్గం దగ్గర మొదలుపెట్టి, భివండీ పవర్‌లూముల్లో పనికి వెళ్లి తిరిగిరాని మా చిన్నాన్న మీదుగా మామయ్య దగ్గు దాకా ఒక్కటీ వదల్లేదు. వాచ్‌మన్ బిత్తరపోయి, “మాసీ క్యా బోల్ రహీ హై?” అని నన్నడిగాడు. “ప్రార్థన” అన్నాను.

చివరికి మెట్టు మీద కూలబడి, నా చేతిలోని సీసా అందుకుని గటగటా నీళ్లు తాగింది. “పానం నిమ్మళమైంది” అంది. తర్వాత చుట్టూ చూసి, “గివన్ని ఎవలయి రా?” అని అడిగింది.

“అన్నీ వాళ్లవే అత్తా.”

ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్కొక్క గుమ్మటాన్నీ చూసి, లేచి కుచ్చిళ్లు సర్దుకుంది. “ఇయ్యాల ఒక్కనికే పొద్దు సరిపోయింది. మళ్ల ఆయితారం వద్దాం.”

నిజంగానే వెళ్లాం, చాలా ఆదివారాలు. ఇప్పుడు క్లాసులో కంపెనీ పాఠం వచ్చినప్పుడల్లా, ఆమె వెనకాల నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, వాడు చరిత్రను నోరు మూసుకుని విన్నది అదే మొదటిసారి.