కంచులో కలవని కడ్డీ

ఎముకలు ఏరడానికి వెళ్లిన మా మరిది బూడిద కుండతో పాటు ఒక కడ్డీ కూడా తెచ్చి అరుగు మీద పెట్టాడు. జానెడుంది. నీలం కలిసిన బూడిద రంగు. మా ఆయన శ్రీకూర్మం మెట్ల మీద జారి తొడ విరగ్గొట్టుకున్నప్పుడు లోపల వేసిన టైటానియం కడ్డీ అది. మనిషంతా కాలిపోయాడు, అది మిగిలింది.

తుప్పు పట్టదు, తేలిక, ఒంటికి ఇముడుతుంది అని విజయనగరంలో డాక్టరు చెప్పాడు అప్పట్లో. జీవితమంతా కంచు పోసిన మనిషి గదా, ఆ మాటలు శ్రద్ధగా విన్నాడు మా ఆయన.

నరసన్నపేట దగ్గర కంచు పోసే మా ఇళ్లలో ఒక పద్ధతుంది. మనిషి పోతే అతను తిన్న కంచాన్ని ముక్కలు చేసి మూసలో కరిగించి, కొత్త కంచం పోస్తాం. దాంట్లో ఇంటివాళ్లు తింటారు. కర్మలు అయ్యాక ఆ పనికి పూనుకుంటూ, కడ్డీని కూడా మూసలో వెయ్యమన్నాను. కంచం ఆయన చేతికి తగిలినది మాత్రమే. కడ్డీ ఆయన ఒంట్లో ఉన్నది. అది కలిస్తే నేను తినే కంచంలో ఆయన నిజంగా ఉంటాడు. నాకున్న ఆశ అదొక్కటే.

ముందురోజు కడ్డీని చేతిలో పెట్టుకుని చూశాను. అంతే కొలత కంచు ముక్కయితే దీనికి రెండింతలు తూగేది. చింతపండు పెట్టి తోమాను. కంచూ ఇత్తడీ అయితే నల్లబడతాయి, చిలుము పడతాయి, తోమితే మళ్లీ మెరుస్తాయి. ఇది ఎలా ఉన్నదో అలాగే ఉంది. నా చెయ్యి తగిలినట్టే లేదు.

"వదినా, ఇది కరుగుతాదంతావా?" అన్నాడు మరిది కొలిమి దగ్గర.

"నిప్పుకి కరగనిది ఏటుందిరా. ఎయ్యి."

కంచం ముక్కలు ఎర్రబడి, కుంగి, నీళ్లయిపోయాయి. కడ్డీ ఆ నీళ్ల మీద తేలింది. పటకారుతో నొక్కితే మునిగి, వదిలితే పైకొచ్చింది. మరో గంప బొగ్గు పోయించాను. బొగ్గు దండగ చేస్తే ఊరుకోని దాన్ని.

"కాటిలో కాలనిది కొలిమిలో కరుగుతాదేటి? మా అన్నియ్యా అంతే, ఎవులి మాటా ఇనీవోడు కాడు," అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఇంకా ఊదు."

"ఊదితే కంచులో తగరం మాడిపోతాది వదినా. కంచం పగిలిపోతాది. కంచం కావాలో, కడ్డీ కరగాలో, ఏదో ఒకటి సెప్పు."

తిత్తి ఆపి నా వైపే చూస్తున్నాడు. మూసలో కంచు సలసలమంటోంది. ఆయన తిన్న కంచం కూడా పాడైతే నాకిక ఏమీ ఉండదు.

"తీసెయ్యి," అన్నాను.

కడ్డీని పక్కకి లాగి, కంచు అచ్చులో పోశాడు. చల్లారాక కడ్డీని వంశధారలో వదిలేద్దామన్నాడు.

"ఏట్లో ఎందుకురా. నాకాడ ఉండనీ."

కంచు బరువు, తోమలేమంటుంది కోడలు. మనవలు టీవీ ముందు స్టీలు పళ్లాల్లో తింటారు. ఆ కొత్త కంచంలో వంటింట్లో నేనొక్కదాన్నే తింటాను. అన్నం పెట్టగానే వేడి అంచుదాకా పాకి వేళ్లు చురుక్కుమంటాయి. కడ్డీ పీట పక్కనే ఉంటుంది. ఒకరోజు దాని ఒక కొనని వేడి చారు గిన్నెలో ముంచి, రెండో కొన పట్టుకుని కూర్చున్నాను. చారు చల్లారిపోయింది. నా చేతిలోని కొనకి ఆ వేడి కబురే అందలేదు.

కడ్డీని తుడిచి మళ్లీ పీట పక్కన పెట్టి, చల్లటి చారు పోసుకుని తిన్నాను.