ముసుగు వేయని ఎర్ర కారు

కార్ల సీట్లు కుట్టే ఆమెను ఆ పేటలో అందరూ సూదక్క అంటారు. ఇరవై ఆరేళ్లుగా వంకర సూదితో తోలు కుట్టీ కుట్టీ ఆమె కుడి బొటనవేలు చెక్కలా గట్టిపడిపోయింది. ఎంతెంతమంది గొప్పవాళ్ల కార్లో ఆమె చేతిలో కొత్త సీట్లు తొడుక్కుని వెళ్లాయి. తనకంటూ ఒక కారు ఉంటుందని మాత్రం ఆమె ఏనాడూ అనుకోలేదు.

ఒకసారి షాపుకి లోపలంతా కాలిపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వచ్చింది. దాని ఓనరు ఒకసారి తొంగిచూసి, "పాతసామాన్ల వాడికి ఇచ్చెయ్యండి" అని చెయ్యి ఊపి వెళ్లబోయాడు. సూదక్క ఆయన్ని ఆపి, కాగితాలు తన పేర రాయించుకుంది. ఐదేళ్ల ఆదివారాలన్నీ దానికే ధారపోసింది. ఇంజను పని పక్క షాపు మెకానిక్ దగ్గర నేర్చుకుంది. సీట్ల సంగతి సరేసరి. చివరికి ఎర్ర రంగు వేయించి, నడుపుకుంటూ వచ్చి ఇంటి ముందు ఆపిన రోజున భర్త గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"ఈ వీధిలోనా? నీకేమైనా మతి పోయిందా?"

ఆయన భయం ఉత్తుత్తి భయం కాదు. రెండేళ్లలో ఆ వీధిలో పదకొండు కార్లు మాయమయ్యాయి. మందుల షాపాయన కారుకైతే నాలుగు చక్రాలూ పీకి, ఇటుకల మీద నిలబెట్టిపోయారు. పైగా భర్త లారీలు తూకం వేసేచోట గుమాస్తా, గొడవంటే ఆమడ దూరం. ఇక ఎనభై దాటిన అత్తగారికి ఆ కారంటే మొదటిరోజు నుంచీ గిట్టదు. "నేలమీద పాకే బండి. దీనికంటే తోపుడుబండి నయం" అనేది.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ మంచిగానే చెప్పాడు. "ముసుగేసి ఉంచండమ్మా. లేదంటే వేరే పేటలో ఎవరింట్లోనైనా దాచుకోండి."

సూదక్క ముసుగు తనే కుట్టింది. వారం రోజులు కప్పింది. ఎనిమిదో రోజు పొద్దున్నే తీసి మడిచి అటక మీద పడేసింది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ముసుగు కింద ఏముందో దొంగలకి తెలుసు, వీధిలో వాళ్లకే తెలీదు. పోయినా ఎవరూ గుర్తుపట్టరు. అందరూ చూడనివ్వండి. నా కారు నేనెందుకు దాచుకోవాలి? సిగ్గుపడాల్సింది నేనా?"

అలాగని గాలికి వదిలెయ్యలేదు. ఇంటి గోడలో కాంక్రీటు పోసి ఇనుప కడియం దిగేసి, వెనక చక్రానికి గొలుసు బిగించింది. ఇంజనుకి కరెంటు ఆపే మీట ఒకటి సీటు కుట్టులో దాచింది, అది ఎక్కడుందో భర్తకి కూడా చెప్పలేదు. స్టీరింగ్ ఊడొచ్చేలా అమర్చి, రోజూ దాన్ని పీకి సంచిలో వేసుకుని పనికి పోయేది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు సంచిలోకి చూసి, ఒకసారి ఆమె మొహం చూసి, సర్దుకుని కూర్చునేవాళ్లు.

ఒక మధ్యాహ్నం షాపులో ఫోను మోగింది. అత్తగారు.

"అమ్మాయ్, బయట లారీ ఒకటి వచ్చింది. నారింజరంగు కోట్లవాళ్లు ఇద్దరున్నారు. గొలుసు కోస్తున్నారు. రోడ్డు పనులట."

"తలుపేసుకుని లోపలే ఉండండి అత్తయ్యా. వస్తున్నా."

సూదక్క స్టీరింగ్ సంచి పట్టుకుని మెకానిక్ స్కూటరెక్కింది. వీధి మలుపు తిరిగేసరికి గొలుసు తెగి నేలమీద పడి ఉంది. కారు ముందుభాగానికి కొక్కెం తగిలించి ఉంది. కానీ లారీ కదల్లేదు, ఎందుకంటే కారులో మనిషి ఉంది. అత్తగారు మేకుకి తగిలించి ఉన్న రెండో తాళంచెవి తీసుకుని, చేతికర్రతో బయటికొచ్చి, బావిలోకి దిగినట్టు ఆ సీట్లోకి దిగి, లోపల గడియ వేసుకుని కూర్చుంది.

"దిగండి పెద్దమ్మా, మేం మునిసిపాలిటీ వాళ్లం" అంటున్నాడు ఒకడు అద్దం తడుతూ.

"మునిసిపాలిటీ అయితే ఆ పక్కన మూడేళ్లుగా తుప్పుపట్టి పడున్న వ్యాను తీసుకుపో ముందు" అంది ఆవిడ లోపల్నుంచి.

సూదక్క నేరుగా లారీకీ కారుకీ మధ్య వచ్చి నిలబడింది. "కాగితం చూపించు."

ఇచ్చాడు. దానిమీద ముద్ర ఉంది గానీ వీధి పేరు లేదు. ఆమె దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

"అది ఇటియ్యి" అన్నాడు రెండోవాడు, చేతిలో గొలుసు కోసే కత్తెర తిప్పుతూ. "తప్పుకోకపోతే తొక్కించేస్తాం."

ఆమె తప్పుకోకుండా లారీ వైపు వంగింది. లారీ నంబరు మీద బురద పూసి ఉంది. నడుముకి కట్టుకున్న పనిగుడ్డ విప్పి, సీటు తుడిచినంత నిదానంగా ఆ బురద తుడిచి, నంబరు గట్టిగా చదివింది. ఎదురింటి కిటికీలోంచి ఎవరో అదే నంబరు తిరిగి చదివారు. పైఅంతస్తులోంచి ఇంకొకరు. మందుల షాపాయన బయటికొచ్చి ఫోనులో రాసుకోసాగాడు.

కొక్కెం విప్పుకోవడానికి వాళ్లకి నిమిషం కూడా పట్టలేదు. పోతూ పోతూ ఒకడు కత్తెరతో కారు ఎడమ దీపం పగలగొట్టాడు.

ఆ లారీ కూడా ఎక్కడో కొట్టేసిందేనని సాయంత్రం తేలింది. మనుషులు దొరకలేదు. ఇన్‌స్పెక్టర్ మళ్లీ దాచుకోమన్నాడు. ఇంటికొచ్చాక భర్త అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు.

"అమ్మేద్దాం. ఈసారి ఊరికే పోరు."

"వాళ్లకి భయపడి అమ్మితే, వాళ్లు ఎత్తుకుపోయినట్టే కదండీ."

మర్నాడు ఆయనే వెళ్లి అంతకంటే లావు గొలుసు తెచ్చి, అలిగినట్టు మొహం పెట్టుకునే బిగించాడు.

ఆదివారం సూదక్క కారు తీసింది. అత్తగారు అప్పటికే చెప్పులేసుకుని అరుగు మీద తయారుగా ఉంది.

"మరి నేను?" అన్నాడు భర్త.

"రెండే సీట్లురా. నువ్వు బస్సెక్కు" అంది ఆయన తల్లి.

పాత విడిభాగాలమ్మే సందు ఒకటుంది. పేటలో పోయిన కార్లు ముక్కలై తేలేది అక్కడేనని అందరికీ తెలుసు. పట్టపగలు, ఒంటి దీపంతో, ఎర్ర కారు ఆ సందులోకి నడక వేగంతో దిగింది. సుత్తుల చప్పుడు ఒక్కొక్క షాపులో ఆగిపోయింది. సూదక్క సందు మధ్యలో ఇంజను ఆపి, తలుపు తీసి నిలబడి, ఒక్కొక్కరి మొహంలోకి తీరిగ్గా చూసింది.

చేతులు తుడుచుకుంటూ ఒకతను దగ్గరికొచ్చాడు. "అమ్మకానికా అక్కా?"

"కాదు. చూపించి పోదామని వచ్చాను" అంది సూదక్క.