అమ్మ ఇవ్వని చెంబు

మా పుట్టిల్లు ఉద్దానంలో, కొబ్బరితోటల మధ్య. వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకెళితే, గుమ్మంలోనే అమ్మ చెంబెడు నూతి నీళ్లు అందించేది. అవి తాగితేగానీ లోపలికి రానిచ్చేది కాదు. మేం తెచ్చుకున్న సీసా నీళ్లు, "మా నూతికేటి తక్కువొచ్చినాది?" అంటూ పారబోసేది. పిల్లలకి ఆవిడంటే హడల్.

మొన్న వేసవిలో గుమ్మంలో చెంబు లేదు. డయాలసిస్ చేయించుకొచ్చిన మా తమ్ముడు అరుగు మీద పడుకుని ఉన్నాడు. ఊళ్లో చాలామందిలాగే వాడివీ కిడ్నీలు పాడయ్యాయి. ఎందుకో ఎవరూ తేల్చి చెప్పరు. అమ్మ అనుమానం మాత్రం నీళ్ల మీదే.

అమ్మమ్మ మెచ్చుకుంటుందని మా పాప తనే నూతి దగ్గరికెళ్లి, నీళ్లు తోడుకుని చెంబెత్తింది. అమ్మ పరుగున వచ్చి దాని చేతి మీద ఒక్కటి వేసింది. చెంబు దొర్లిపోయింది. పాప బిక్కచచ్చిపోయింది.

"ఈ నీళ్లు తాగకే పిల్లా. ఇంట్లో టిన్ను నీళ్లున్నాయ్."

అని, అదే చెంబు నింపుకుని తను గటగటా తాగేసింది.

"నువ్వెందుకమ్మా తాగుతున్నావు?" అన్నాను.

"నాకింకేటవుతాది? వచ్చే ఎండలకి పిల్లల్ని తేకు అమ్మీ."

అమ్మకి ఎదురుచెప్పే ధైర్యం నాకెప్పుడూ లేదు. ఆ రోజూ, పాపని లోపలికి తీసుకెళ్లి టిన్ను నీళ్లే పట్టాను.