చిన్నాన్న రేడియో, మామ్మ చేపల గంప

మా చిన్నప్పుడు... మా ఇంటి రేడియో చేపలవాసన కొట్టేది. నవ్వకండి, నిజమే చెబుతున్నా.

అరవైల చివరి మాట. భావనపాడులో మాది తాటాకిల్లు. ఆ ఇంట్లో రేడియో ఉందంటే వీధి వీధంతా మా గుమ్మంలోనే! కొన్నది కాదది... మా చిన్నాన్న చేసింది. టెక్కలిలో రేడియోలు బాగుచేసే కొట్లో కొన్నాళ్లు పనికి కుదిరి, అక్కడ పక్కన పడేసిన ముక్కలన్నీ ఏరుకొచ్చి, టీపొడి చెక్కపెట్టెలో అమర్చాడు. ఒక తీగ కొబ్బరిచెట్టు మీదికి. ఇంకో తీగ పెరట్లో ఇసుకలో దిగేసిన ఇనప ఊచకి. ఆ రెండోదాన్ని ఎర్తు అనేవాడు. అదేమిటో తెలియకపోయినా మేమూ ఎర్తు, ఎర్తు అంటూ తెగ గొప్పలు పోయేవాళ్లం.

అది పాటల కోసం చేసింది కాదు. మా మామ్మ కోసం... అంటే నాన్నకీ చిన్నాన్నకీ అమ్మ. మా తాత సముద్రం మీద చేపలవేటకెళ్లి గాలివానలో చిక్కుకుని తిరిగి రాలేదు. అప్పటినుంచి నాన్న తెప్ప ఎక్కుతుంటే చాలు, మామ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఒడ్డునే నిలబడిపోయేది. గాలి కబురు ముందే తెలిస్తే మామ్మకి కాస్త నిద్రపడుతుందని చిన్నాన్న ఆశ.

నిజంగానే పట్టింది. మధ్యాహ్నం విశాఖపట్నం స్టేషను వాతావరణం చెప్పేదాకా నాన్న తెప్ప దించకూడదు. అది మామ్మ శాసనం.

మామ్మ పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని సంతబొమ్మాళి వైపు ఊళ్లకి వెళ్లేది. మధ్యాహ్నానికి వచ్చి, పెరట్లో గోలెం దగ్గర గంప కడిగి, ఆ నీళ్లు అక్కడే కుమ్మరించేది. సరిగ్గా చిన్నాన్న ఎర్తు ఊచ మీద! ఉప్పునీళ్లు, పొలుసులు, ఈగలు... చిన్నాన్నకి ఒళ్లు మండింది.

"అమ్మా, ఆ నీసునీల్లు నా తీగమీద పోసేత్తన్నావేటి? తుప్పు పట్టిపోదా? అవతల కడుక్కో."

ఇంకెవరైనా ఆ మాటంటే మామ్మ చీల్చి చెండాడేది. కానీ కొడుకు చేసిన రేడియో కదా!

"అలాగే నాయినా, నాకేటి తెలుసు" అని మర్నాటి నుంచి గంప వీధివైపు తీసుకెళ్లి కడుక్కుంది.

అదిగో, అప్పుడు మొదలైంది. రేడియో మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయేది. తడితే కాసేపు, తిడితే కాసేపు... చిన్నాన్న బ్యాటరీలు ఎండలో పెట్టాడు. కొబ్బరిచెట్టెక్కి తీగ మార్చాడు. టంకాలన్నీ ఊడదీసి మళ్లీ వేశాడు. వాన పడిన రోజు బ్రహ్మాండంగా పలికేది. ఎండ కాస్తే మళ్లీ మూగ.

"నీ రేడియో కప్పేటి మరిదీ, వానకే అరుత్తాది?" అని మా అమ్మ ఆటపట్టించేది.

మామ్మ మాత్రం నవ్వలేదు. దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసింది. మళ్లీ ఒడ్డుకెళ్లి నిలబడడం మొదలుపెట్టింది.

ఒకరోజు గాలి తీరు ఏమీ బాగాలేదు. చిన్నాన్న పెట్టె విప్పుకుని దానిమీదే పడి ఉన్నాడు. చేపలు బాగా పడుతున్న రోజులు. పక్కవాళ్ల తెప్పలు అప్పుడే దిగుతున్నాయి.

"ఇది పలికీదాకా కూకుంటే మనం తినీదేటి?" అని నాన్న వల భుజాన వేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మామ్మ ఊళ్ల మీంచి ఆయాసపడుతూ వచ్చింది. నాన్న భుజాన వల చూసింది.

"ఒరే, ఆగరా! సెయ్యి కడుక్కోనీ, రెండు ముద్దలు తినెల్లు" అంటూ గబగబా గంప గోలెం దగ్గరే దించేసింది. ఆ కంగారులో అవతలి వైపు సంగతి ఎక్కడ గుర్తుంటుంది! గంప కడిగి నీళ్లన్నీ పాతచోటే కుమ్మరించింది.

పెట్టె గరగరమంది... తర్వాత మనిషి గొంతు. తీరం వెంబడి బలమైన గాలులు వీస్తాయి, ఎవరూ చేపలవేటకి వెళ్లవద్దని చెబుతోంది.

నాన్న వల అక్కడే పడేసి ఒడ్డుకి పరిగెత్తాడు. తలగుడ్డ ఊపుతూ, కేకలేస్తూ, దిగిన తెప్పల్ని వెనక్కి పిలిచాడు.

చిన్నాన్న మాత్రం కదల్లేదు. తడిసిన ఇసుక వంకా, ఊచ వంకా, మామ్మ చేతిలో గంప వంకా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నాడు.

"నీ నీల్లేనే అమ్మా దీనికి పేనం. ఇసక ఎండిపోతే ఎర్తు అందదు. నానే వద్దన్నాను..."

తెప్పలన్నీ ఒడ్డుకి చేరాక, సాయంత్రానికి గాలి రానే వచ్చింది. మా కప్పు సగం లేచిపోయింది. కారుతున్న ఇంట్లో ఓ మూల కూర్చుని మామ్మ నాన్నకి అన్నం కలిపి ముద్దలు పెట్టింది... పెళ్లై, పిల్లలున్న మనిషికి! మేం కిసుక్కున నవ్వితే "నవ్వండొలే గుంటల్లారా" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నాకూ ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి చిన్నాన్నే ఎదురెళ్లి మామ్మ నెత్తిమీది గంప దించేవాడు. ఊచ దగ్గర తనే కడిగేవాడు. రేడియో ఇంక ఆగలేదు.

తర్వాత మామ్మ పోయింది. కొన్న రేడియో వచ్చింది... దానికి తీగా అక్కర్లేదు, ఎర్తూ అక్కర్లేదు. అయినా చిన్నాన్న రోజూ అన్నానికి కూర్చునే ముందు చెంబెడు నీళ్లు ఆ ఊచ దగ్గర పోసి వచ్చేవాడు.

మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది, ఇలా ఎవరి చేతి చలవతోనో నడిచిన వస్తువు. ఏమిటో చెప్పండి, వినాలనుంది...

ఇప్పుడు తుఫాను కబురు పేరుతో సహా నా ఫోనులోకి ముందే వచ్చేస్తుంది. మంచిదే. కాకపోతే ఈ ఫోనుకి నీళ్లు తగిలితే పాడైపోతుందట... మా రేడియో మామ్మ నీళ్లు పోయకపోతే మాట్లాడేది కాదు.