మా వీధి అత్త నోటిమాట

పక్కింటి అత్త పోయిందని మేం ఇప్పుడుంటున్న దామంజోడికి ఫోను వచ్చినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. పెళ్ళయి కొరాపుట్ వచ్చిన కొత్తలో నాకు కాపురం నేర్పిన మనిషి. చుట్టం కాదు, గోడ అవతలి ఇల్లు. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు, అందుకే చెబుతున్నాను.

మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చేది అత్త. తిట్టనిదే ఎవరినీ పలకరించేది కాదు. "నీ నోరు పడిపోను, ఏటే అమ్మీ, ఇంకా పొయ్యి ఎలిగించనేదా?" అంటూ కూర గిన్నె గోడమీద పెట్టేది. తిట్టకపోతే తిన్నది అరగదనేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడింట్లో టీవీలో పాత సినిమా వచ్చింది. ఒక మామూలు టైలరుకు వరం దొరుకుతుంది. నోటితో ఏదంటే అది జరిగిపోతుంది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అత్త కూడా లేచి నిలబడి, "కరెంటు పోవాల!" అంది. పోయింది. ఇంకా నవ్వాం. మా ఊళ్ళో కరెంటు పోవడం వింతేమీ కాదు కదా.

మర్నాడు పప్పు ధర దగ్గర మాటా మాటా పెరిగి, వీధి మొదట్లో కొట్టు షావుకారుని అలవాటుగా "నీ నోరు పడిపోను" అంది. తెల్లారేసరికి ఆయన గొంతు పెగల్లేదు. జలుబే అయ్యుండొచ్చు. ఆయన మాత్రం వచ్చి, ఆవిడ గడపలో కొబ్బరికాయ పెట్టి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అక్కణ్ణుంచి అత్త తిట్లు మానేసింది. వీధే మానిపించిందనాలి. ఆవిడ నోరు విప్పబోతే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. పొద్దున్నే ఏ మాటా లేకుండా చీపురు చప్పుడు ఒక్కటే మా గుమ్మం దాటి వెళ్ళేది. ఆ షావుకారు మీద నాకు ఇప్పటికీ కోపమే.

మా పాప జ్వరంతో ఆసుపత్రిలో కళ్ళు తేలేసినప్పుడు ఆవిడ కాళ్ళే పట్టుకున్నాను. "బతుకుతాదని ఒక్క మాట అను అత్తా."

"నాకేటీ నేదే అమ్మీ. అది ఒట్టి సినీమా. నానన్నాక పిల్ల దక్కకపోతే నువ్వు మరి నా మొకం సూస్తావా?" అని ఏడ్చింది. ఏడుస్తూనే పాప చెవి దగ్గర వంగి, "బతుకుతాది" అంది. మళ్ళీ అంది. గొంతు బొంగురుపోయేదాకా అంటూనే ఉంది. సాయంత్రానికి పాప మంచినీళ్ళు అడిగింది. డాక్టర్లకు చేతులెత్తి మొక్కాను. అత్తను కావలించుకోబోయి, ఎందుకో భయం వేసి ఆగిపోయాను. ఆవిడ రుణం తీరేది కాదు.

ఫోను రాగానే పాపను వెంటబెట్టుకుని బస్సెక్కాను. ఇప్పుడది బడికెళ్ళే పిల్ల, అత్త తన చెవిలో అన్న మాట గురించి నా నోట ఎన్నోసార్లు విన్నదే. మేం వెళ్ళేసరికి అత్తను పాడె మీద పడుకోబెట్టారు, మోసేవాళ్ళు వంగారు. పాప నా చెయ్యి విడిపించుకుని, అత్త చెవి దగ్గరకు పోయి, అందరికీ వినబడేలా, "మామ్మా, నువ్వు బతుకుతావు" అంది.

ఏడుపులు ఆగిపోయాయి. ఎవరూ పాపను వారించలేదు. మోయడానికి వంగిన నలుగురూ పాడెను నేలమీదే వదిలి, ఒక అడుగు వెనక్కి వేసి, ఆవిడ ముఖాన్నే చూస్తూ నిలబడ్డారు.