మొలతాడు ఒంటిదా, సామానుదా

రిటైరవడానికి ఎనిమిదేళ్ళ ముందు నన్ను టెక్సస్‌లో ఒక పెద్ద ఎయిర్‌పోర్ట్‌లోని సెకండరీకి వేశారు. పాస్‌పోర్ట్ కౌంటర్ దగ్గర అనుమానం వచ్చినవాళ్ళను పక్కకు తెచ్చి సామాను విప్పి చూసే గది అది. బోర్డర్ ఆఫీసర్లలో నాది మామూలు హోదా. అక్కడ తెలుగొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, ఆవకాయ సీసా దగ్గర్నుంచి అత్తగారి నడుంనొప్పి మాత్రల దాకా అనువాదాలన్నీ నా నెత్తినే పడేవి.

సరిహద్దులో మాకున్న అధికారాలు వింటే చాలామంది హడలిపోతారు. పెట్టె తెరవడానికి ఏ కారణమూ చెప్పనక్కర్లేదు. బట్టల మీంచి తడమడానికి కాస్త అనుమానం చాలు. బట్టలు విప్పించాలంటే మాత్రం, ఈ మనిషినే అనుమానించడానికి ఫలానా కారణం ఉందని సూపర్‌వైజర్‌కి చూపించి సరే అనిపించుకోవాలి.

ఒక మధ్యాహ్నం గుంటూరు మిర్చి వ్యాపారి సాంబయ్య గారు దిగారు. ఆ పక్కనే ప్లేనో అనే ఊళ్ళో ఉన్న చెల్లెలికి మర్నాడే గుండె ఆపరేషన్. క్యూలో ఉన్నంతసేపూ ఆయన చెయ్యి నడుం మీదే ఉందని కెవిన్ కనిపెట్టాడు. కెవిన్ కొత్తగా చేరిన ఆఫీసర్, మహా చురుకు. సామానంతా విప్పినా ఏమీ దొరకలేదు. తడిమితే నడుం దగ్గర గట్టిగా ఏదో తగిలింది. సాంబయ్య గారు తనంతట తనే చొక్కా ఎత్తి చూపించారు. మొలతాడు, దానికో చిన్న వెండి తాయెత్తు. విప్పి బల్ల మీద పెట్టమంటే మాత్రం ససేమిరా అన్నారు.

లోపల డ్రగ్స్ ఉన్నాయేమోనని కెవిన్ అనుమానం. బట్టలు విప్పించి తాడు కత్తిరిద్దామన్నాడు. వెనక్కి పంపేస్తారేమో, చెల్లెలి పక్కన ఉండలేనేమోనని సాంబయ్య గారి భయం. చెయ్యి మాత్రం తాడు వదల్లేదు.

సూపర్‌వైజర్ వాల్టర్ వచ్చి కారణమేమిటని అడిగాడు. తీయనంటున్నాడుగా అన్నాడు కెవిన్. కాదనడం కారణం కాదన్నాడు వాల్టర్. అయితే తాయెత్తు సామానే కదా, సామానుకు కారణమెందుకన్నాడు కెవిన్. ఆ మాటలో తప్పేం లేదు. అనువాదానికి నిలబడ్డవాడు తన మాట కలపకూడదు గనక నేను కలగజేసుకోలేదు. వాల్టర్ నా వైపు తిరిగి, స్నానానికైనా దాన్ని తీస్తాడేమో అడగమన్నాడు.

"లేదు బాబూ. తాడు పాతబడితే కొత్తది కట్టుకున్నాకే పాతది తీస్తాం. ఉత్త మొలతో ఉండేది పోయాకే," అన్నారు సాంబయ్య గారు.

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను.

"అయితే అది ఒళ్ళే," అన్నాడు వాల్టర్. "విప్పించాలంటే కారణం చూపించు." కెవిన్ దగ్గర లేదు. వాల్టర్ అతన్ని మందలించలేదు. పెట్టె సర్దడంలో పెద్దాయనకు సాయం చెయ్యమన్నాడంతే. సాంబయ్య గారు చేతులు జోడించి, పెట్టె లాక్కుంటూ బయటికి నడిచారు.

సాయంత్రం షిఫ్ట్ దిగేటప్పుడు వాల్టర్‌కి థాంక్స్ చెప్పాను. దేనికని అడిగాడు, నిజంగానే అర్థం కాక. ఆ కృతజ్ఞత నాకిప్పటికీ తగ్గలేదు. తాయెత్తంటే ఏమిటో అతనికి తెలియదు. అందులో ఏముందని అడగనూ లేదు. మన ఆచారాన్ని ఎదుటివాడు అర్థం చేసుకుంటేనే గౌరవిస్తాడని అంతవరకూ అనుకునేవాణ్ణి. అర్థం కాకపోయినా ఆగాల్సిన చోట ఆగేవాడుంటే చాలని ఆ రోజు తెలిసింది.